కాగితాల్లో ఒక కాపురం

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు వినుకొండ దాటిందంటే కిటికీలోంచి కనిపించే లోకమే మారిపోతుంది. పచ్చదనం పలచబడుతుంది. ఎర్రమట్టి, రాళ్ల గుట్టలు, తుమ్మచెట్లు... దొనకొండ, గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. ఆపైన దిగువమెట్ట దగ్గర రైలు నల్లమల అడవిలోకి దూరుతుంది. ఈ దారి వెంట ఉన్న ఊళ్లకు చాలాకాలంగా 'పశ్చిమ ప్రకాశం' అనే పేరు స్థిరపడిపోయింది. కరువు, వలస, పలకలు, వెలిగొండ... వార్తల్లో ఈ ప్రాంతం వినపడేది ఎక్కువగా ఈ నాలుగు మాటలతోనే.

వార్తల్లోకి రాని సంగతి ఇంకొకటుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్లాడి, ఇక్కడే కన్నుమూసిన భార్యాభర్తల జాడ కాగితాల్లో పట్టుకోవాలంటే ఊళ్లో వెతికితే సరిపోదు. ఒంగోలు వెళ్లాలి, కర్నూలు వెళ్లాలి, కడప, చెన్నై కూడా తిరగాలి. కొందరి కోసమైతే అమెరికా దాకా పోవాలి! అలాగని వాళ్లేమీ దేశాలు తిరిగినవాళ్లు కాదు. అసలు ఊరి పొలిమేర దాటి ఉండకపోవచ్చు.

మరి కాగితాలెందుకు అన్ని చోట్లకు వెళ్లాయి?

కదిలింది ఊరు కాదు... జిల్లా!

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. అప్పుడు దత్తమండలాలు అన్నది వీటినే. మొదట్లో ఇవి కడప జిల్లా కింద ఉండేవి. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం తాలూకాలు అందులో కలిశాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలును వదిలి ఇటు వచ్చాయి. 1972 డిసెంబరులో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. ఇక 2025లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది.

ఇప్పుడొక జంటను ఊహించుకుందాం. కంభం దగ్గరి పల్లెలో 1890 ప్రాంతంలో పుట్టారు. 1905 ప్రాంతంలో పెళ్లి. 1972లో తాత పోయాడు, మరుసటేడు అవ్వ. వాళ్ల ముత్తాతల నాటి భూమి లెక్క కడప జిల్లా రికార్డు. వాళ్ల పుట్టుక కర్నూలు జిల్లాది. మరణమేమో ప్రకాశం జిల్లాది. పై అధికారుల ఉత్తర ప్రత్యుత్తరాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి... అప్పట్లో ఇదంతా మద్రాసు రాష్ట్రం కదా! వాళ్లు ఒకే ఇంట్లో, ఒకే వేపచెట్టు కింద అరవై ఏళ్లకు పైగా బతికారు. వాళ్ల కాగితాలు మాత్రం ఊరూరా తిరిగాయి.

ఒంగోలుదీ ఇదే కథ. ఒకప్పుడు అది నెల్లూరు జిల్లాలోని పట్టణం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1970లో తానే జిల్లా కేంద్రమైంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్లదింకో దారి. అవి 1970 దాకా నెల్లూరు జిల్లావి. అందుకే ఇక్కడి పాత జంటల గురించి వెతికేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఏ ఊరు?' కాదు. 'ఏ సంవత్సరంలో ఏ జిల్లా?'

'ధాత' అంటే ఏ ధాత?

సంవత్సరం తెలుసుకోవడమూ అంత తేలిక కాదు. హిందువుల పెళ్లిళ్లకు అప్పట్లో సర్కారు రిజిస్టరంటూ లేదు. ఉన్నది లగ్నపత్రికే. తాటాకు మీదో, పసుపు రాసిన కాగితం మీదో మాసం, పక్షం, తిథి, నక్షత్రం, లగ్నం అన్నీ పొల్లు పోకుండా ఉంటాయి. ఇంగ్లిషు తేదీ ఒక్కటే ఉండదు. సంవత్సరం పేరు 'ధాత' అని ఉందనుకోండి. అది 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది మరి!

అలాంటప్పుడు దారి చూపించేది ఇంట్లోవాళ్ల మాటే. 'మా అవ్వ కాపురానికొచ్చిన రెండేళ్లకే ధాత కరువు వచ్చిందంట' అన్న ఒక్క ముక్క చాలు... పెళ్లి ఏ ధాతకు ముందో తేలిపోతుంది. ధాత, ఈశ్వర నామ సంవత్సరాల్లో, అంటే 1876-78లో వచ్చిన ఆ కరువు కర్నూలు జిల్లాను ఊడ్చేసింది. 1871 లెక్కల్లో తొమ్మిది లక్షలు దాటిన జిల్లా జనాభా 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. ప్రతి నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు అంతా కలిపి. ఇక్కడి చాలా కుటుంబాల వంశవృక్షాలు సరిగ్గా ఆ రెండేళ్ల దగ్గరే తెగిపోతాయి. 'అంతకుముందు ఎవరో తెలియదు' అనే మాట వెనక ఉన్నది మతిమరుపు కాదు, ఆకలి.

జనాభా లెక్కలు ఉంటాయి కదా అనుకోవచ్చు. ఉంటాయి, సంఖ్యల్లోనే. ఇంగ్లండులోనో, అమెరికాలోనో పాత జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ దొరుకుతాయి. అక్కడివాళ్లు తాతముత్తాతల్ని వెతికేది ముందుగా వాటిలోనే. మన దగ్గర ఇంటింటికీ తిరిగి రాసుకున్న పత్రాలు దాచిపెట్టే పద్ధతి లేదు. ఊళ్లో ఎందరు మగవాళ్లు, ఎందరు ఆడవాళ్లు అన్నది మిగిలింది. వాళ్లెవరన్నది పోయింది.

కంభం చెరువు... రాణికే నాలుగు పేర్లు!

రైలు తర్లుపాడు దాటి కంభం చేరుతుంది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపిన చెరువు ఇక్కడిది. మనుషులు తవ్వించిన పాత చెరువుల్లో ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. దీన్ని కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ అని ఇక్కడి నమ్మకం.

కళింగ యుద్ధం ముగిశాక ప్రతాపరుద్ర గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్లి చేశాడన్నది చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. ఆ కాపురం సరిగా సాగలేదని, ఆమె భర్తకు దూరంగా కంభంలో ఉండిపోయిందని, అప్పుడే ఈ చెరువు కట్టించిందని కథలున్నాయి. అయితే ఆ రాణి పేరేమిటి? ఒకచోట వరదరాజమ్మ. మరోచోట తుక్కాదేవి. ఇంకోచోట జగన్మోహిని. వేరొకచోట అన్నపూర్ణ. విజయనగర చక్రవర్తి భార్య పేరే ఇన్ని రకాలుగా ఉంటే, చెరువు కింద అరెకరం సాగు చేసుకున్న రైతు భార్య పేరు ఏ కాగితంలో నిలుస్తుంది?

ఇక్కడో వింత ఉంది. మారిక అనే స్త్రీ పేరు మీద మారికాపురం వెలసిందని, అదే మార్కాపురమైందని స్థల పురాణం. ఊరికి పేరిచ్చింది ఒక ఆడమనిషి. పక్కనే చెరువు కట్టించింది ఇంకో ఆడమనిషి. రికార్డు గదిలో కట్ట విప్పితే మాత్రం కనపడేది 'ఫలానా వారి పెండ్లాము', 'ఫలానా వారి తల్లి'. మగవాడి జాడ భూమి చెబుతుంది. అతని పేరు మీద పట్టా ఉంటుంది, శిస్తు రశీదు ఉంటుంది, కోర్టు తగాదా ఉంటుంది. ఆడమనిషి పేరు కాగితంలోకి రావాలంటే ఏదో ఒకటి జరగాలి. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వాలి. లేకపోతే భర్త పోవాలి!

అది కాస్త కఠినంగా అనిపించినా నిజం అదే. భర్త పోయిన తర్వాతే ఆమె మనోవర్తి దస్తావేజులో కనిపిస్తుంది. దత్తత పత్రంలో వేలిముద్ర వేస్తుంది. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఇలాంటి పేర్లు పెరిగాయి. కాపురం చేసినన్నాళ్లూ ఆమె కాగితాల్లో లేదు. ఆ కాపురం ముగిశాక వచ్చింది.

కంభం పేరుతో ఇంకో చిక్కూ ఉంది. ఇంగ్లిషు దస్త్రాల్లో దీన్ని 'కంబం' అని పలికేలా రాశారు. ఆ స్పెల్లింగుతో వెతికితే తమిళనాడు తేని జిల్లాలోని కంబం వచ్చి పడుతుంది. చెవితో విని రాసుకుంటే ఖమ్మంతో కలిసిపోతుంది. గిద్దలూరుకూ, తమిళనాడులోని గూడలూరుకూ ఇలాంటి బంధుత్వమే! తాత ఊరి కోసం బయల్దేరి వేరే రాష్ట్రంలో తేలిపోకుండా ఉండాలంటే పక్కన తాలూకా పేరు, జిల్లా పేరు సరిచూసుకోవాలి.

పేరయ్య వెంట నాగమ్మ

కంభం చెరువు దాటిన గుండ్లకమ్మ తూర్పుకు తిరుగుతుంది. మార్కాపురం, అద్దంకి వైపుల మీదుగా ఒంగోలు చేరువలో సముద్రంలో కలుస్తుంది. ఆ నది పారే నేల మీదే, ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరంలో తాళ్లకొండపాడు అనే పల్లెలో ఒక జంట ఉండేది. ఎర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ. మాదిగ కులస్థులు. వృత్తి తోలు పని. భూమి పట్టాలో, దానశాసనంలో వీళ్ల పేర్లు వెతకడం దండగ. ఆ కాలంలో వాళ్లను ఆ కాగితాల దరిదాపుల్లోకి రానివ్వలేదు. అయినా ఈ ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దపు సామాన్య జంటల్లో ఇంత స్పష్టంగా జాడ దొరికేవాళ్లు అరుదు.

పేరయ్య జీవితం గురించి తెలిసే విషయాలు ఆశ్చర్యపరుస్తాయి. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు. ఆ తర్వాత తానే గురువై కొందరికి బోధించాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు ఏలూరులో మిషనరీ అలెగ్జాండర్ దొర ద్వారా క్రైస్తవం గురించి విన్నాడు. ఇంటికొచ్చి నాగమ్మకు చెప్పాడు. 1866లో ఇద్దరూ బాప్తిస్మం పొందారు. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లారు. చింతతోపులో గుడారం వేసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తిండిగింజలు, దుప్పట్లు మూటగట్టుకుని వచ్చారు. అయిదు రోజుల తర్వాత 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ తర్వాతి కథ అంత సాఫీగా సాగలేదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్న మూడు నియమాలు వచ్చాయి. ఊరి కట్టుబాట్లతో అవి ఢీకొన్నాయి. జాతరకు డప్పు కొట్టబోమన్న మాదిగలకు ఊళ్లో పనులు ఆగిపోయాయి. చాలాచోట్ల నీళ్లూ ఆపేశారు. పేరయ్య, నాగమ్మల కాపురం నడిచింది ఈ గొడవల మధ్యలోనే.

ఇదంతా ఎలా తెలిసింది? ఇక్కడ రెండో జంట ప్రవేశిస్తుంది.

రాసినవాళ్లూ, రాయబడినవాళ్లూ

క్లౌ మొదటి భార్య హారియెట్ 1893లో మరణించారు. మరుసటి ఏడాది ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లాడారు. ఆమె చదువుకున్న మనిషి. స్విట్జర్లాండులో డాక్టరేటు చేశారు. మాదిగవాడల్లోని పెద్దవాళ్ల నోటి నుంచి వాళ్ల పూర్వీకుల కథలు, గురువుల కథలు, పెళ్లిళ్ల కథలు, కరువు కథలు సేకరించారు. 1899లో లండన్‌లో ఆ పుస్తకం అచ్చయింది. పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్', అంటే చెప్పులు కుడుతూ చెప్పుకున్న కబుర్లు. పేరయ్య కథ అందులోదే. క్లౌ 1910లో మరణించాక ఆయన జ్ఞాపకాలను ఎమ్మా 1914లో పుస్తకంగా తెచ్చారు. తాళ్లకొండపాడు చింతతోపు ముచ్చట అందులోనూ ఉంది.

రెండు జంటలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. క్లౌ దంపతుల కుటుంబ వివరాలు తేదీలతో సహా దొరుకుతాయి. మిషన్ పత్రాలు అమెరికాలో అట్లాంటాలోని బాప్టిస్టు చరిత్ర సంఘంలో భద్రంగా ఉన్నాయి. పేరయ్య, నాగమ్మలకు మిగిలింది ఆ దొరల పుస్తకాల్లో కొన్ని పుటలు. అదీ వాళ్లు సొంతంగా రాసింది కాదు. వాళ్లవైపు పెద్దలు తెలుగులో చెప్పగా, ఇంకొకరు ఇంగ్లిషులో రాసుకున్నది. చెప్పిన దాంట్లో ఎంత మిగిలింది, రాసినవాళ్ల ఉద్దేశం ఎంత కలిసింది అన్నది చదివేవాళ్లు తూచుకోవాలి. మిషన్ గెలుపు చూపించడానికి రాసిన పుస్తకాలవి. ఆ సంగతి మరిచిపోకుండా చదివితేనే వాటిలోంచి మనుషులు బయటికొస్తారు.

ఆ నాలుగు పుటల్లోనూ ఇద్దరి వాటా సమానం కాదు. పేరయ్యకు ఇంటిపేరుంది, వృత్తి ఉంది, గురువుంది, ప్రయాణాలున్నాయి. నాగమ్మ ఎక్కువగా 'పేరయ్య భార్య'. కానీ ఒక్క విషయం గమనించాలి. బాప్తిస్మం ఎవరికి వారికే ఇస్తారు. భర్త తీసుకుంటే భార్యకూ వచ్చేసినట్టు కాదు. అందుకే ఆమె పేరూ నిలిచింది. భూమి రికార్డులో భర్త పేరు వెనక దాగిపోయే మనిషి ఇక్కడ సొంత పేరుతో నిలబడింది.

1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలోని వెల్లంపల్లి దగ్గర, ఇదే గుండ్లకమ్మలో, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడితే, గట్టు మీద జాబితాలు పట్టుకుని పేర్లు పిలిచారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది. ధాత కరువు అప్పుడే ముగిసింది. బకింగ్‌హాం కాల్వ తవ్వకంలో క్లౌ కాంట్రాక్టు తీసుకుని పని ఇచ్చిన వేలమందిలో వీళ్లూ ఉన్నారు. కరువు వల్ల వచ్చారా, విశ్వాసంతో వచ్చారా అన్న చర్చ అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. కుటుంబ చరిత్ర వెతికేవాళ్లకు మాత్రం అందులో ఇంకో విశేషం కనపడుతుంది. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవని మనుషుల్ని ఆ రోజు ఏటి ఒడ్డున ఒక్కొక్కరినీ పేరుతో పిలిచారు.

గిద్దలూరు వైపు

బాప్టిస్టులు 1882లో కంభంలో, 1890లలో మార్కాపురంలో కేంద్రాలు పెట్టారు. ఇంకాస్త పడమరకు వెళ్తే గిద్దలూరు. ఇటు పనిచేసింది ఇంగ్లండుకు చెందిన ఎస్‌పీజీ అనే ఆంగ్లికన్ మిషన్. ఇక్కడి చర్చిల దారి నంద్యాలకు వెళ్తుంది. మిషన్ పాత పత్రాలేమో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. రైలు దారిలో ఒక ఊరికీ, పక్క ఊరికీ మధ్య గంట ప్రయాణం. కాగితాలకు మాత్రం ఒక ఊరివి అట్లాంటా, ఇంకో ఊరివి ఆక్స్‌ఫర్డ్!

క్రైస్తవ వివాహాలకు 1872లో చట్టం వచ్చింది. దాని ప్రకారం చర్చి రిజిస్టర్లో వరుడి వివరాలు రాసిన చోటే వధువు వివరాలూ రాయాలి. పేరు, వయసు, ఊరు, తండ్రి పేరు. సంతకం లేదా వేలిముద్ర. సాక్షులు. ఆ పక్క వీధిలోనే ఉన్న పెద్ద రైతు కుటుంబంలో అవ్వ పుట్టింటి ఊరేదో ఎవరికీ గుర్తుండకపోవచ్చు. కూలి చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబంలో మాత్రం అది రిజిస్టరు పుటలో దొరికే అవకాశం ఉంది. ఆస్తికీ, ఆనవాలుకూ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మిగతావాళ్లకు దారులు లేవని కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 1860ల నుంచి దస్తావేజుల నకళ్లు రాసే పద్ధతి ఉంది. పేర్ల సూచిక వేరు, ఆస్తుల సూచిక వేరు. కంప్యూటర్లో దొరికేది 1983 నుంచి. అంతకుముందువి పుస్తకాల్లో చూడాల్సిందే. ఇనాం భూములున్న కుటుంబాలకు 1858 తర్వాత ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లు బంగారు గని. అనుభవదారు ఎవరు, ఎవరి నుంచి సంక్రమించింది, వారసులెవరు... అన్నీ విచారించి రాశారు. జనన మరణాలకు మద్రాసు రాష్ట్రంలో 1899లో, దేశమంతటికీ 1969లో చట్టాలు వచ్చాయి. గ్రామ మునసబు రాసిన ఆ పుస్తకాల్లో బిడ్డ పేరు ఉండదు. 'మగ', 'ఆడ' అని ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయినప్పుడు ఊళ్లో ఎవరి తాతకు ఎవరు బావమరిదో నోటితో చెప్పగల మనుషులూ ఆ పని నుంచి తప్పుకున్నారు.

పేరు చెప్పని ఇల్లాళ్లు

ఇది ఒక్క పశ్చిమ ప్రకాశం సమస్య కాదు. 1951-52 నాటి తొలి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేస్తున్నప్పుడు దేశంలో లక్షలాది మంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతురిని అన్నారు. అలా అయితే కుదరదని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. చివరికి సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్లే. అయితే మొగుడి పేరు తాను పలకని, తన పేరు ఎవరూ పలకని ఇల్లాళ్లు మన ఊళ్లలోనూ తక్కువేం కాదు.

పాత కాగితాల గొడవ ఇప్పుడెందుకు అనిపించవచ్చు. కాగితాలు పాతవే, అవసరాలు కొత్తవి. వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. కృష్ణా నీళ్లను నల్లమల కొండల కింద సొరంగాల ద్వారా తెచ్చి నిలిపే నల్లమల సాగర్ కింద 11 గ్రామాలు మునుగుతాయి. ఊరు మునిగేటప్పుడు 'కుటుంబం' అంటే ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఇల్లెవరిది, పొలమెవరిది, పెళ్లెప్పుడైంది, భర్త ఎప్పుడు పోయాడు... అన్నిటికీ రుజువు కావాలి. 2013 భూసేకరణ చట్టం వితంతువులను, విడాకులు పొందినవాళ్లను, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబంగా లెక్కించమంటోంది. చట్టంలో చోటుంది. ఆ చోటులో కూర్చోవాలంటే చేతిలో కాగితం ఉండాలి. అది లేక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేది ఎక్కువగా ఆడవాళ్లే.

గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. అది చెంచుల నేల. తరతరాలుగా అడవిలో బతికినా వాళ్ల పేరు మీద గజం నేల రాసిన కాగితం ఉండేది కాదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. పెళ్లయినవాళ్లకు ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. రాయల రాణికి స్థిరమైన పేరు దక్కని చోట, పెద్ద రైతుల ఇళ్లలో అవ్వల పేర్లు మాసిపోయిన చోట, ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాయమన్న చట్టం అది. రేపు ఆ జంట మునిమనవళ్లు వెతికితే 'ఫలానా వారి భార్య' దగ్గర ఆగిపోనక్కర్లేదు.

మిగిలినవాళ్లు తమ కాగితం తామే రాసుకోవచ్చు. మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. నోటిమాట కూడా అంతే, చెప్పేవాళ్లు పోతే దాంతోపాటే పోతుంది. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెను నాలుగు మాటలు అడిగితే చాలు. అమ్మ పేరేమిటి? అమ్మమ్మ పేరేమిటి? వాళ్ల పుట్టిల్లు ఏ ఊరు, ఇంటిపేరేమిటి? పెళ్లి ఏ కరువుకు ముందు, ఏ వరదకు తర్వాత? తాతల పేర్లు ఆఫీసుల్లో ఎలాగోలా దొరుకుతాయి. అవ్వల పేర్లు ముందు ఆమె నోటినుంచే రావాలి. అవి చేతిలో ఉంటే అప్పుడు కర్నూలు వెళ్లినా, ఒంగోలు వెళ్లినా, దూరాన అట్లాంటాకు ఉత్తరం రాసినా ఏ పేరు అడగాలో తెలుస్తుంది.